తొట్టిలో తొమ్మిది వోల్టులు

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నా మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో నేను లెక్క పెట్టుకోలేదు. కరెంట్ పోయిందని, వచ్చిందని, వచ్చి మళ్లీ పోయిందని, ఫోన్ ఎత్తలేదని, ఎత్తి కసురుకున్నానని, రకరకాలుగా వచ్చేవి. వాటిలో చాలా భాగం నిజాలే. కానీ బర్రెల తరఫున వచ్చిన ఫిర్యాదు మాత్రం ఒక్కటే. అది నాకు నేర్పినంత మా శాఖ పెట్టిన ట్రైనింగులన్నీ కలిపినా నేర్పలేదు.

మొన్న మా పాత సెక్షన్ ఆఫీసులో కొత్తగా చేరిన లైన్‌మన్లతో నాలుగు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. టీ తాగాను, శాలువా కప్పించుకున్నాను, గ్లవ్స్ వేసుకోండి, నిచ్చెన సరిగ్గా ఆనించండి అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ పిల్లలకు చెప్పాల్సింది నా తప్పు గురించి. శాలువా భుజాల మీద ఉన్నంతసేపూ అది నోటికి రాలేదు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివి నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వాక మాత్రం ఒకసారి మీ జేబులో ఉన్న టెస్టర్ వంక చూసుకోండి.

అప్పుడు నేను హుస్సేనీ ఆలం వైపు లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్లుంది. చలికాలం. ఓ ఇరుకు గల్లీ చివర పాత పాల వ్యాపారం చేసే కుటుంబం ఉండేది. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నారు. ఇంటి వెనక షాబాద్ బండలు పరిచిన కొట్టం, అందులో ఏడు బర్రెలు, వాటి నీళ్లకు ఓ ఇనుప తొట్టి. భర్త పొద్దున్నే మోపెడ్ మీద ఇంటింటికీ పాలు పోసి వస్తాడు. మేత, నీళ్లు, పిండడం అన్నీ ఆ ఇంటి ఇల్లాలివే. యాభై దాటిన మనిషి. గట్టి గొంతు. బర్రెలతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో కూడా అదే గొంతుతో మాట్లాడేది.

ఆవిడ పెట్టిన ఫిర్యాదు మా రిజిస్టర్‌లో ఇలా నమోదైంది: "కొట్టంలో కరెంటు." ఆ రోజు చీటీలన్నిటిలో దాన్ని అడుగున పెట్టాను.

మా సెక్షన్‌లో ఓ పద్ధతి ఉండేది. పొద్దున వచ్చి రిజిస్టర్ చూసుకోవడం, ఇరానీ హోటల్లో చాయ్ తాగడం, సామాను సర్దుకోవడం, పదకొండుకు గల్లీల్లోకి దిగడం. పదకొండు అంటే పదకొండే. ఆ టైముకు ఎవరి ఇంట్లో ఏ లోపం ఉన్నా అది మా కోసం ఆగి ఉంటుందని మా నమ్మకం. నాతో ఎప్పుడూ ఉండే లైన్‌మన్‌ను అందరం భాయ్ అనేవాళ్లం. నా ఈడువాడే. ఆ వయసులో కూడా స్తంభం ఎక్కడంలో అతన్ని కొట్టినవాడు లేడు. మేమిద్దరం పదకొండుకు ఆ కొట్టంలోకి వెళ్లాం.

"సారూ, ఏడు బర్రెలకు ఏడు గిట్లనే జేస్తున్నయి," అంది ఆవిడ. "తొట్లె మూతి పెట్టంగనే ఎన్కకు గుంజుకుంటున్నయి. దూప మీద ఉండి గూడ నీళ్లు తాగుతలేవు. పిండనీకి కూసుంటె తంతున్నయి. పాలు సగానికి సగం పడిపోయినయి. డాక్టర్ సాబ్ వచ్చి సూశిండు, రోగం ఏం లేదన్నడు. దిష్టి అన్నరు, దిష్టి గూడ తీశిన. గీ తొట్లె కరెంట్ ఉన్నది సారూ, నాకు తెల్సు."

"నీకు షాక్ కొట్టిందా అక్కా?"

"నాకేం కొడ్తలేదు. రబ్బర్ చెప్పులుంటయి గద. ఒక్కనాడు ఉత్త కాళ్లతోని ముట్టుకుంటె జుమ్మన్నది, గంతే."

నేను జేబులోంచి టెస్టర్ తీశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది స్క్రూడ్రైవర్ లాంటిది, పిడిలో చిన్న బల్బు ఉంటుంది. మొన కరెంట్ ఉన్నచోట పెట్టి, పిడి చివర వేలు ఆనిస్తే బల్బు వెలుగుతుంది. ప్రతి లైన్‌మన్ చొక్కా జేబులో పెన్ను పక్కన అది ఉంటుంది. తొట్టికి పెట్టాను, వెలగలేదు. బర్రెల గొలుసులు కట్టే ఇనుప కడ్డీకి పెట్టాను, వెలగలేదు. నీళ్ల పైపుకు, మోటారుకు, అన్నిటికీ పెట్టి చూశాను. చివరికి తొట్టి మీద అరచేయి పెట్టి నిలబడ్డాను. కాళ్లకు మందం రబ్బరు అడుగున్న బూట్లు.

"ఏం లేదక్కా. కరెంట్ ఉంటే ఇది వెలగాలె," అన్నాను.

భాయ్ తన అభిప్రాయం తాను చెప్పాడు. "చలికి గిట్ల జేస్తుంటయి అమ్మా. జానవర్ గదా. నాలుగు రోజులైతె సబ్ ఠీక్ హోజాతా."

ఆ టెస్టర్ అరవై డెబ్బై వోల్టులకు తక్కువైతే వెలగదు. ఇది నాకు తెలియని సంగతేం కాదు. ఐటీఐలో పరీక్షకు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఇన్నేళ్లలో నా చెయ్యి టెస్టర్‌కు అలవాటు పడిపోయింది. వెలిగితే ఉంది, వెలగకపోతే లేదు, ఇక ఆలోచించే పనే లేదు. వారం తర్వాత మళ్లీ ఫిర్యాదు వచ్చింది. మళ్లీ పదకొండుకు వెళ్లాను. మళ్లీ అదే టెస్టర్, అవే బూట్లు. రిజిస్టర్‌లో "పరిశీలించడమైనది, లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. సంతకం మాత్రం ఎప్పుడూ చక్కగానే పెట్టేవాడిని.

మూడోసారి ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు, సెక్షన్ ఆఫీసుకే వచ్చేసింది. అప్పటికి మాకు కొత్తగా ఒక అసిస్టెంట్ ఇంజినీరు వచ్చారు. చిన్న వయసు అమ్మాయి. నా కూతురి కన్నా చిన్నది, కానీ మాకు మేడమే. పాలామె సరాసరి ఆ అమ్మాయి బల్ల ముందుకు పోయి నిలబడింది.

"మేడమ్, గీ సారు రెండుసార్లు వచ్చిండు. రెండుసార్లు పుల్ల గుచ్చి సూశిండు. ఏం లేదన్నడు. బర్రెలేమో ఉన్నదంటున్నయి. నేనెవ్వల మాట ఇనాలె?"

ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

"మా ఇంటాయన బేరగాన్కి మాటిచ్చిండు మేడమ్. ఫలక్‌నుమా అవుతల్నించి వస్తడు. గురువారం పొద్దుగాల బండి దెస్తనన్నడు. ఏడింటిని ఎక్కించుకపోతడు. పాలియ్యని బర్రెల్ని పెట్టుకోని ఏం జేద్దామంటడు మా ఆయన. ఆయన మాట గూడ తప్పు గాదు. గనీ నాకు ఇంకో పని రాదు మేడమ్. పుట్టినకాడ గిదే పని, వచ్చినకాడ గిదే పని. అవి పోతె నేను పొద్దుగాల లేచి ఏం జెయ్యాలె?"

అంత గట్టి గొంతు మనిషి ఆ చివరి మాట దగ్గర తడబడింది. అది మంగళవారం.

ఆవిడ వెళ్లాక మేడమ్ నన్ను పిలిచారు. "రీడింగ్ ఎంత వచ్చింది సార్?"

"టెస్టర్ వెలగలేదు మేడమ్."

"అది రీడింగ్ కాదు కదా సార్. మీరు చూశారు, కొలవలేదు." అని డ్రాయర్‌లోంచి, వోల్టులను అంకెల్లో చూపే తన సొంత మల్టీమీటర్ తీసి నా చేతిలో పెట్టారు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టే అయింది. ఆ అమ్మాయి పుట్టక ముందు నుంచీ స్తంభాలెక్కుతున్నవాడిని నేను. బయటికొచ్చి భాయ్ దగ్గర పది నిమిషాలు గొణిగాను. భాయ్ ఓపిగ్గా విని, "సాబ్, మేడమ్ సహీ బోలీ," అన్నాడు. ఇక గొణగడానికి మనిషి కూడా దొరకలేదు.

బుధవారం మళ్లీ పదకొండుకే వెళ్లాం. అలవాటు అంత తొందరగా పోదు. కొట్టానికి దూరంగా తడి నేలలో ఓ ఇనుప మేకు దిగ్గొట్టాను. మీటరు ఒక తీగ మేకుకు, ఇంకొకటి తొట్టికి పెట్టాను. ఒకటిన్నర వోల్టు. నాకు నవ్వొచ్చింది. గోడ గడియారంలో వేసే బ్యాటరీ అంత. దానికి బర్రె అంత జంతువు బెదురుతుందా?

అయినా మొదలుపెట్టాం కాబట్టి తొట్టిలోకి అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికాను. మోటారు దగ్గర దొరికింది. ఎవరో ప్రైవేటు పనివాడు మోటారుకు ఎర్త్ తీగను భూమిలోకి దింపే బదులు న్యూట్రల్‌కు కలిపేశాడు. గుంత తవ్వే శ్రమ తప్పుతుందని గల్లీల్లో చాలామంది చేసే పనే ఇది. న్యూట్రల్ అంటే కరెంట్ ఇళ్లలో పని చేసుకుని తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే తీగ. ఆ తీగ మీద ఎంత వోల్టేజీ నిలబడితే అంతా మోటారుకు, మోటారు నుంచి పైపుకు, పైపు నుంచి తొట్టికి, కడ్డీకి, గొలుసులకు వస్తుంది. బాగున్న లైన్‌లో అది దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడ ఉంది.

భాయ్‌ని గల్లీలోని మూడో స్తంభం ఎక్కించి, టాంగ్ టెస్టర్‌తో న్యూట్రల్‌లో పారే కరెంట్ చూడమన్నాను. అది పటకారు లాగా తీగ చుట్టూ పట్టుకుంటే చాలు, ఎన్ని ఆంపియర్లో చూపిస్తుంది. ఆ గల్లీకి వచ్చేది ఒకే ఫేజు. ఇళ్లన్నిటి కరెంటూ ఆ ఒక్క న్యూట్రల్ మీదే తిరిగి పోవాలి. "పాంచ్ సాబ్," అని అరిచాడు పైనుంచి. అయిదు ఆంపియర్లు.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఒకటిన్నర వోల్టు, అయిదు ఆంపియర్లు, ఇందులో ఏం లేదు మేడమ్ అన్నాను.

"వోల్టుల్ని ఆంపియర్లతో భాగించండి సార్."

ఐటీఐ వదిలాక ఆ భాగహారం నేను చెయ్యలేదు. కొట్టం గోడ మీద సున్నపు బెడ్డతో వేశాను. ఒకటిన్నరను అయిదుతో భాగిస్తే సున్నా పాయింట్ మూడు. ఓములు. తీగ ఎంత అడ్డు పడుతోందో చెప్పే అంకె.

"ఆ మూడు స్తంభాల తీగకు అంత ఉండాలా?"

"ఉండొద్దు మేడమ్. అందులో అయిదో వంతో ఆరో వంతో ఉండాలి."

"మరి ఆ మిగతా అడ్డు ఎక్కడుందో కానీ, అది రోజంతా అలాగే ఉంటుంది. కరెంటే మారుతుంది. ఎక్కువ పారితే ఎక్కువ వోల్టులు. ఆ గల్లీలో ఎక్కువ ఎప్పుడు పారుతుంది?"

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పాలామెను అడిగాను, బర్రెలు ఎక్కువ ఎప్పుడు తంతున్నాయని.

"పొద్దుగాల్నే సారూ. అయిదున్నర కాన్నించి ఏడు దాకా. మీరొచ్చే యాళ్లకు మంచిగనే నిలవడ్తయి గద! అందుకే గద మీరు నన్ను నమ్ముతలేరు."

అయిదున్నర నుంచి ఏడు. చలికాలం. గల్లీలో గీజర్లు, హీటర్ రాడ్లు అన్నీ ఒకేసారి పెట్టే టైము. బర్రెల కష్టమంతా పొద్దున అయిదున్నరకు, నేనేమో రెండు వారాలుగా పదకొండుకు తగలడుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషం నాకు చాలా సిగ్గేసింది. ఆ వెంటనే, ఎన్నేళ్ల తర్వాతో తెలియదు, పని మీద హుషారు కూడా పుట్టింది. ఆ గల్లీ ఇళ్లను వేళ్ల మీద లెక్క వేశాను. ఏ ఇంట్లో గీజరుందో, ఎవరు రాడ్డు పెడతారో అక్కడ తిరిగినవాడిగా నాకు తెలుసు. ముప్పై ఆంపియర్లు తేలాయి. ముప్పైని సున్నా పాయింట్ మూడుతో గుణించాను. గోడ మీద పెద్దగా తొమ్మిది వేసి, చుట్టూ గీత గీశాను.

"ఏంది సారూ గది?" అంది పాలామె.

"రేపు పొద్దుగాల నీ తొట్లె ఎన్ని వోల్టులుంటయో ముందుగాలే రాసిన. తొమ్మిది గనక రాకపోతె నీ బర్రెల తోని నన్ను గూడ బేరగాన్కి అమ్మెయ్."

గురువారం అయిదుంపావుకే వెళ్లాం. మంచు. గల్లీ మొదట్లో మసీదు దగ్గర దీపం చుట్టూ తెల్లగా కమ్ముకుని ఉంది. పాలామె అప్పటికే కొట్టంలో ఉంది. ఏడు బర్రెలకూ పసుపు బొట్లు పెట్టి ఉన్నాయి. పంపించేయడానికి అలంకరించిందని అర్థమై, నేను అటు చూడలేకపోయాను. మీటరు తీగలు మేకుకు, తొట్టికి పెట్టాను. అయిదున్నరకు మూడు వోల్టులు. తర్వాత అయిదు. ఒక్కో ఇంట్లో గీజరు పెడుతున్న కొద్దీ అంకె మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. ఆరు దాటాక ఎనిమిది పాయింట్ తొమ్మిది దగ్గర నిలబడింది.

"భాయ్! ఎంత?" అని అరిచాను బయట మూడో స్తంభం మీదికి.

"తీస్ సాబ్! పూరా తీస్!"

ముప్పై. మీకు నవ్వొస్తే రావచ్చు కానీ, ఆ కొట్టంలో పేడ మధ్య నిలబడి నేను ఎగిరినంత పని చేశాను. ముప్పై ఏళ్లకు పైగా జరిగిపోయిన లోపాల వెనక పరుగెత్తినవాడిని. జరగబోయేదాన్ని ముందు రోజే అంకె వేసి చెప్పడం, అది అలాగే రావడం నా జీవితంలో మొదటిసారి. తొమ్మిది వోల్టులు బూట్లేసుకున్న నాకు తెలియవు. తడి బండల మీద నాలుగు ఉత్త కాళ్లతో నిలబడి, తడి మూతి ఇనుప తొట్టిలో పెట్టే బర్రెకు చాలా బాగా తెలుస్తాయి.

ఇక ఆ అడ్డు ఎక్కడుందో పట్టుకోవాలి. మీటరు పట్టుకుని, మేకు వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి స్తంభం నుంచి కరెంట్ పోయే గాజుల వ్యాపారి ఇంట్లో న్యూట్రల్ మీద సున్నా పాయింట్ ఆరు వోల్టు. రెండో స్తంభం మీద ఆధారపడ్డ ఇంట్లో ఓ పెద్దాయన లుంగీలోనే తలుపు తీసి, "క్యా సాబ్, సుబ్బే సుబ్బే మీటర్?" అని చిరాకు పడ్డాడు కానీ లోపలికి రానిచ్చాడు. ఒకటిన్నరకు కాస్త తక్కువ. మూడో స్తంభం పాలామె ఇంటిది. అక్కడ తొమ్మిది. అంటే రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య ఒక్క చోటే ఏడున్నర వోల్టులు పోతున్నాయి. ఈసారి ఎవరూ చెప్పక ముందే గుణించాను. ఏడున్నర ఇంటూ ముప్పై, రెండు వందల పాతిక వాట్లు. పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు, ఇంకా కొంచెం. అంత వేడి ఆ రెండు స్తంభాల మధ్య ఎక్కడో ఓ పిడికెడు జాగాలో పుడుతోంది. వేడి దాగదు కదా, కళ్లతోనే వెతకొచ్చు.

భాయ్ మూడో స్తంభం మీద నుంచే చూశాడు. తీగ పొడుగునా మంచు పట్టి నీటి బొట్లు వేలాడుతున్నాయి. స్తంభానికి మూరెడు దూరంలో ఒక్క చోట మాత్రం పొడిగా ఉంది. అక్కడి నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"మిల్‌గయా సాబ్! జాయింట్ హై!"

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఆ గల్లీ ఫ్యూజు తీసేశాను. అంతే, లొల్లి మొదలైంది. తల మీద సబ్బుతో ఒకాయన కిటికీలోంచి అరుస్తున్నాడు. పిల్లల స్కూలు అని ఒకామె, దుకాణం తెరవాలని ఇంకొకాయన. ఆ గోలలోనే బేరగాడి బండి వచ్చి గల్లీ మొదట్లో ఆగింది. భాయ్ జాయింటును కోసి కిందికి వేశాడు. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. చల్లారాక తీసుకుని చూశాను. అల్యూమినియం తీగకు చుట్టిన రాగి తీగ. చుట్టిన చోటంతా తెల్లటి పొడి, కాలిన మసి. ఆ చుట్టు తీరు చూడగానే గుర్తుపట్టాను. ఎడమ చేతి వాటంగా తిప్పిన చుట్టు. మా సెక్షన్‌లో ఎడమ చేత్తో పటకారు పట్టేవాడిని నేనొక్కడినే.

తొమ్మిదేళ్ల కిందట ఓ ఊరేగింపు రోజున ఆ గల్లీలో తీగ తెగింది. జనం వచ్చేలోపు లైన్ ఇవ్వాలి. సరైన కనెక్టర్ చేతిలో లేదు. సంచిలో దొరికిన రాగి ముక్కతో చుట్టేసి, రేపొచ్చి మారుద్దాం అనుకున్నాను. రాగి, అల్యూమినియం నేరుగా తగిలితే తేమకు జాయింటు తినేసుకుపోతుందని లైన్ పని చేసే ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. ఆ రేపు తొమ్మిదేళ్లు రాలేదు.

భాయ్ కూడా గుర్తుపట్టాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సాబ్, ఇదర్ దేవ్. మూసీల పడేస్త. ఎవ్వలకు తెల్వదు."

నేను దాన్ని జేబులో వేసుకున్నాను. పారేయలేదు, చెప్పనూ లేదు. అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది ఇంకొకటి. ఆ జాయింటు ఇంకొన్నాళ్లు అలాగే కాలి ఏదో ఒక పొద్దున తెగిపోయి ఉంటే? న్యూట్రల్ తెగితే ఇళ్లలోంచి వచ్చే కరెంట్ తిరిగిపోయే దారి లేక, తొట్టి మీద తొమ్మిది వోల్టులు కాదు, రెండు వందలకు పైగా నిలబడేవి. అదే టైముకు ఆవిడ తడి చేతులతో అక్కడే కూర్చుని ఉంటుంది. రెండు వారాలుగా ఆ బర్రెలు మొత్తుకున్నది తమ కోసం మాత్రమే కాదు.

భాయ్ సరైన కనెక్టర్ బిగించాడు. ఫ్యూజు పెట్టాను. గల్లీ మొత్తం ఒకేసారి గీజర్లు వేసుకుంది. ముప్పై మూడు ఆంపియర్లు. తొట్టి మీద ఒకటిన్నర వోల్టు, అంతే. తర్వాత మోటారు దగ్గర ఆ దొంగ తీగను న్యూట్రల్ నుంచి విడదీసి, ప్రస్తుతానికి ఓ ఎర్త్ రాడ్డు నేలలోకి దింపి దానికి కలిపాను. మీటరు సున్నా చూపింది.

"అయిపోయిందక్కా," అన్నాను. మీటరు ఒప్పుకుంది కానీ బర్రెలు ఒప్పుకోలేదు. ఒక్కటీ తొట్టి వైపు రాలేదు. వారాల తరబడి మూతి కాలినట్టయిన తొట్టి అది, సున్నా అంకె వాటికి ఎవరు చదివి వినిపించాలి? పాలామె భర్త తల వంచుకుని నిలబడ్డాడు. బేరగాడు గోడకు ఆనుకుని, "జల్దీ చెప్పుండ్రి, ఎండ ఎక్కితె బండ్ల జానవర్లకు తక్లీఫ్," అన్నాడు. మంచివాడే. తొందరలో ఉన్నాడు.

పాలామె రబ్బరు చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఉత్త కాళ్లతో తడి బండల మీద నడిచిపోయి, రెండు చేతులూ మోచేతుల దాకా తొట్టిలో ముంచింది. ముంచి అలాగే నిలబడింది. వద్దక్కా అని నోటిదాకా వచ్చి మింగేశాను. నా మీటరు మీద నాకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది?

"దా బిడ్డా," అంది అన్నిటికన్నా పెద్ద బర్రెను. "నేను ముట్టిన గద, దా."

అది మెడ చాచింది. పెదవి నీళ్లకు తగలగానే అలవాటుకొద్దీ వెనక్కి గుంజుకుంది. గొలుసు గలగలమంది. ఆగింది. మళ్లీ చాచింది. ఈసారి గుంజుకోలేదు. తర్వాత అది తాగిన తాగడం నేను మరిచిపోలేను. తొట్టి సగం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. రెండోది తోసుకుంటూ వచ్చింది, మూడోది వచ్చింది. పాలామె బకెట్ తీసుకుని పెద్దదాని కింద కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొదటి ధార బకెట్ అడుగున కొట్టింది. తల మీద సబ్బుతో అరిచినాయన కూడా అది కడుక్కుని చూడ్డానికి వచ్చాడు. బకెట్ నురగతో నిండుతుంటే పాలామె ఏడుస్తోంది, పిండుతూనే ఉంది.

లేచాక నా దగ్గరికొచ్చింది. "దేవుని లెక్క వచ్చినవ్ సారూ," అంది.

ఆ మాట తీసుకుని ఇంటికి పోవచ్చు. భాయ్ నన్నే చూస్తున్నాడు. జేబులో ఆ జాయింటు గుచ్చుకుంటోంది. తీసి ఆవిడ ముందు పట్టుకున్నాను.

"దేవుడు కాదక్కా. ఇదే ఆ లోపం. ఇది వేసింది నేనే. తొమ్మిదేండ్ల కింద తొందరల వేసిన, మళ్ల వచ్చి సూడలే."

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నా మొహం చూసింది. తన బర్రెల వైపు చూసింది.

"గట్లనా! అంటె ఇన్నొద్దులు మా బర్రెలు తన్నింది నిన్నన్నమాట!"

ముందు భాయ్ నవ్వాడు. తర్వాత ఆవిడ భర్త, బేరగాడు, గోడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్లు, అందరూ. నేను కూడా నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. ఆవిడ ఓ పెద్ద చెంబు నిండా పచ్చిపాలు పోసి నా చేతిలో పెట్టింది.

"మరి నా సంగతి ఏంది అమ్మా?" అన్నాడు బేరగాడు. "గింత దూరం నించి బండి దెచ్చిన."

"గీ సారును ఎక్కించుకపో భాయ్," అంది ఆవిడ. "ఆఫీసు కాడ దింపు. బర్రెలైతె రావు."

అతను నిజంగానే ఎక్కించుకున్నాడు. భాయ్ నిచ్చెనతో వెనక, నేను ముందు డ్రైవరు పక్కన, ఒళ్లో పాల చెంబు. గుంతల్లో పాలు ఒలికి ప్యాంటు తడిసింది. ఆ బర్రెల బండి దిగి, ఒంటినిండా పేడ వాసనతో, చేతిలో చెంబుతో, జేబులో నేను వేసిన జాయింటుతో రిపోర్టు రాయడానికి మా ఆఫీసు మెట్లెక్కాను. ముప్పై నాలుగేళ్లలో అంత దర్జాగా ఆ మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు.